దస్తగిరి పసుపు వేళ్ళు

నేను ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సుని. ఒకసారికి ఒక్క రంగే వేయగలను. ఆదోనిలో సుంకన్న కొట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు తిరిగాను. ఇప్పుడు లారీ కోసం చూస్తున్నాను. ఓపిక లేదు గానీ, నాలుగు ముక్కలు చెప్పేసి పోతాను.

నాకు ముందు ఇక్కడ కాలితో తొక్కే మెషీను ఉండేదట. సీసపు అక్షరాలకు సిరా పూసి కాగితం మీద అద్దడమే దాని పని. నాది వేరే కథ. నీళ్ళకూ నూనెకూ పడదు కదా, ఆ తగువే నా తిండి. పల్చటి లోహపు ప్లేటు మీద బొమ్మ ఉన్నచోట జిడ్డు సిరా అంటుతుంది, లేనిచోట తడి దాన్ని తోసేస్తుంది. ఆ బొమ్మను రబ్బరు షీటు అందుకుని కాగితం మీదికి దించుతుంది.

రంగుల బొమ్మంటే రంగుకొకటి చొప్పున నాలుగు ప్లేట్లు. ముందు పసుపు, తర్వాత ఎరుపు, నీలం, చివర నలుపు. ఒకే కాగితం నా కడుపులోంచి నాలుగుసార్లు పోవాలి, మధ్యలో ఆరాలి. శుభలేఖ మీద నెమలిని చూసి "అబ్బ, ఆ ఆకుపచ్చ చూడు!" అంటారు. నా దగ్గర ఆకుపచ్చ ఎక్కడిది? పక్కపక్కనే పసుపు చుక్కలూ నీలం చుక్కలూ, అంతే. మిగతాదంతా మీ కళ్ళు కల్పించుకునేదే. మోసపోవడానికి మనుషులు ఎంత సిద్ధంగా ఉంటారో నాకంటే ఎవరికి తెలుసు!

ఆ చుక్కలు వెంట్రుకవాసి జరిగితే నెమలికి రెండు ముక్కులొస్తాయి. జరగనివ్వనివాడు దస్తగిరి, నన్ను నడిపే మనిషి. భూతద్దం కంటికి ఆనించుకుని నా మరలను ఓపిగ్గా సర్దేవాడు.

పోయిన నెల సుంకన్న డిజిటల్ ప్రింటర్ తెచ్చాడు. దానికి ప్లేట్లు లేవు, ఆరబెట్టడం లేదు. కంప్యూటర్ చెప్పినచోట అవే నాలుగు రంగుల్ని సన్నటి తుంపరగా చల్లేస్తుంది. నా మూడు రోజుల పని దానికి ఒక పూట.

"సోమవారం దీన్ని పాత సామాన్లకు వేసేద్దాం. నువ్వు గూడా యాడన్నా చూసుకోప్పా దస్తగిరీ" అన్నాడు సుంకన్న. దస్తగిరి భూతద్దం తుడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు మాత్రం కడుపు మండింది.

శుక్రవారం పొద్దున్నే నాగేంద్రమ్మ వచ్చింది, కూతురి పెళ్ళి కార్డులు పట్టుకుని. కొత్తదాని మీద వేసినవి. మూలలకు తడిపసుపు పెట్టగానే రంగు కరిగి నెమలి కాస్తా బురదయింది. దానిది నీళ్ళ సిరా మరి!

"పెండ్లి ముందర ఇదేం అపశకునం సుంకన్నా! ఇంక ఎప్పుడు పంచేది?" అని ఏడ్చింది.

సుంకన్న నా వైపు చూశాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత మర్యాదగా చూడలేదు.

మూడు రోజులు దస్తగిరి నన్ను వదల్లేదు. నాలుగు రంగులూ చుక్క జరగకుండా పడ్డాయి. ఆదివారం సాయంత్రం నాగేంద్రమ్మ ఎదుటే తడిపసుపులో వేళ్ళు ముంచి, మొదటి కార్డుకు నాలుగు మూలలా అద్దాడు. "చూడమ్మా, కరగదు" అన్నాడు. కరగలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంది. హమ్మయ్య, ఇద్దరం బతికిపోయాం అనుకున్నాను.

ఆ ఒక్క కార్డు మాత్రం సుంకన్న ఇవ్వలేదు. గుర్తుగా దాచుకుంటాడనుకున్నాను, పిచ్చిదాన్ని. స్కానర్ కింద పెట్టాడు. ఇకనుంచి మూలల్లో పసుపు కూడా కార్డుతోపాటే అచ్చయి వస్తుంది, ఎవరూ తడి పెట్టక్కర్లేదు. తెలివంటే అదీ!

లారీ వచ్చింది. పాత సామాన్లకు పోయే నన్ను దస్తగిరి నూనెగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. ఆ గుడ్డ మడిచి నా మీదే పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

లోపల కొత్తది కార్డులు కక్కుతూనే ఉంది. ప్రతి కార్డుకూ నాలుగు మూలలా దస్తగిరి వేలిముద్రలు, గీతగీతా కనబడేలా.