కాఫీకి ఆగిన టాక్సీ

టాక్సీ వచ్చేసరికి పదీ ఇరవై అయింది. కేసోన్ తొమ్మిదిన్నర నుంచీ గేటు దగ్గర నిలబడే ఉంది. చేతిలో గుడ్డసంచీ, అందులో భర్త బట్టలు ఒక జత, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన జిగురన్నం ముద్ద. ఆయన తినే స్థితిలో లేడని ఫోనులో చెప్పారు. అయినా ఆస్పత్రికి ఒట్టి చేతులతో వెళ్ళడానికి ఆమెకు మనసొప్పలేదు.

స్వీడన్ ఉత్తరాన అడవుల మధ్య ఎప్పుడో మూతపడ్డ బడి అది. ఏటా వేసవి చివర్లో థాయ్‌లాండ్ ఈశాన్యపు పల్లెల నుంచి ఎనభై మంది వచ్చి అందులో దిగుతారు. పగలంతా అడవిలో నడుములు విరిగేలా నీలి బెర్రీలు ఏరతారు. వాళ్ళకు వండిపెట్టేది కేసోన్. ఆమె భర్త ఖంపన్ ఏరేవాళ్ళలో ఒకడు. ఫోన్లు మన మాటను పరాయి మాటలోకి మార్చి చెప్పే రోజులు ఇంకా రాలేదు. ఆరేళ్ళలో ఆమెకు అబ్బిన స్వీడిష్ అంతా రెండు ముక్కలు: ఒకటి పలకరింపు, రెండోది థాంక్స్. వంటమనిషికి అంతకంటే ఎందుకనుకున్నారో ఏమో, ఎవరూ నేర్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఖంపన్ బకెట్ పక్కనే కుప్పకూలాడు. తలలో నరం చిట్లిందన్నారు. హెలికాప్టర్‌లో సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద ఊరికి తీసుకెళ్ళారు. కేసోన్‌కు ఈ సంగతి సాయంత్రం అన్నం వడ్డిస్తుంటే తెలిసింది. నేనూ వెళ్తానని అడగాలనుకుంది. తను వెళ్తే ఎనభై మందికి ఎవరు వండుతారు? యజమాని భార్యకు ఎంత ఇబ్బంది? నోరు మెదపకుండా వడ్డన పూర్తిచేసింది. బుధవారం కూడా అంతే. మొహమాటం. వాళ్ళ పల్లెల్లో దాన్ని మర్యాద అంటారు, పిల్లలకు అన్నంతో పాటు కలిపి పెడతారు. నాకు దానిమీద ఎంత కోపమో ఈ కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

గురువారం పొద్దున ఆస్పత్రి వాళ్ళు ఫోన్ చేశారు. ఆ కబురు యజమాని నుంచి అడవిలో ఉన్న మేస్త్రీ విచియన్‌కు, విచియన్ నుంచి ఆమెకు చేరింది.

"అక్కా, వంట వదిలెయ్. టాక్సీ వస్తోంది, ఎక్కెయ్," అన్నాడతను. "బావ ఈ పూట దాటడంటున్నారు. నువ్వు వెళ్ళి చెవిలో చెప్పాలి కదా."

చెవిలో చెప్పాలి. అదొక్కటే ఆమె తలలో తిరుగుతోంది. పోయే మనిషి చెవి దగ్గర నోరు పెట్టి, చివరి శ్వాసలో బుద్ధుడి నామం వినిపించాలి. ఆ నామం పట్టుకుని ప్రాణం మంచి దారిన పోతుంది. అది లేకపోతే ఎటు పోవాలో తెలియక తచ్చాడుతుంది. ఆమె అత్తగారు పోయినప్పుడు ఖంపనే చెప్పాడు, రాత్రంతా, గొంతు పోయేదాకా. ఇప్పుడు ఆయన మంచం చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరికీ ఆ నామం తెలియదు. ఆయన బతకడని ఆమె నిన్ననే అర్థం చేసుకుంది. చెవిలో చెప్పేదాకా ఉంటే చాలు.

ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఉన్నది ఒకటే టాక్సీ, హెల్గే అనే అరవై రెండేళ్ళాయనది. ఆ రోజు ఆయన మైబ్రిట్ అనే ముసలావిడను కంటి పరీక్షకు అదే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. వెనక సీటు ఖాళీయే కనక ఇంకో మనిషిని ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నాడు. ఎందుకు వెళ్తోందో ఆయన అడగలేదు, యజమాని భార్య చెప్పలేదు. అక్కడ ఎవరూ ఎవరి సంగతులూ తవ్వరు. వాళ్ళ మర్యాద వాళ్ళది.

కేసోన్ వంగి దణ్ణం పెట్టి, నవ్వి, వెనక కూర్చుంది. "హాస్పిటల్," అంది. హెల్గే చటుక్కున నోటితో గాలి లోపలికి పీల్చాడు. ఆ ప్రాంతంలో అవునని చెప్పడం అలాగే. మొదటి ఏడాది వీళ్ళందరికీ ఉబ్బసం కాబోలని ఆమె జాలిపడింది. ఇప్పుడు అలవాటైంది.

కారు నెమ్మదిగా కదిలింది. దారికి అటూ ఇటూ అడవే. దుప్పులు అడ్డం వస్తాయని ఆయన డెబ్భై దాటనివ్వడు. రెండున్నర గంటల దారి. కాస్త తొందరగా అని చెప్పడానికి ఆమెకు మాట లేదు. చేత్తో సైగ చేయొచ్చు, నిజమే. కానీ పెద్దాయన, పైగా బండి ఆయనది. కార్లో కూర్చున్నదే కాక బండి ఎలా నడపాలో కూడా నేర్పుతోందనుకోడూ?

హెల్గే అద్దంలోంచి చూసి ఏదో అడిగాడు. ఊరికి షికారుకా అన్నాడు నిజానికి. ఎందుకు వెళ్తున్నావని అడిగాడేమోనని ఆమె ఊహించుకుని, "హస్బెండ్. హాస్పిటల్," అంది, నవ్వింది. దుఃఖం వచ్చినా, భయం వేసినా వాళ్ళ పల్లెల్లో ఆడవాళ్ళు అలాగే నవ్వుతారు. తన బాధ ఎదుటివాళ్ళ నెత్తిన ఎందుకు రుద్దడమని. ఆ నవ్వు వెనక ఉన్నదేమిటో పుట్టినూళ్ళో ఎవరికైనా తెలుస్తుంది. హెల్గేకు నవ్వు మాత్రం కనిపించింది. మొగుడు ఆస్పత్రిలో పనిచేస్తాడు, చూడ్డానికి పోతోంది అనుకున్నాడు.

పదకొండింటికి కారు ఒక ఎర్ర చెక్కింటి ముందు ఆగింది. వరండాలో మైబ్రిట్ ఏప్రన్ కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ ఇంకా చెప్పులు కూడా వేసుకోలేదు. హెల్గే కారు ఆపేసి, తాళంచెవి జేబులో వేసుకుని, వెనక తలుపు తీసి, లోపలికి రమ్మన్నట్టు చెయ్యి చూపాడు. కేసోన్ తల అడ్డంగా ఊపింది. నవ్వుతూ ఊపింది. సిగ్గుపడుతోందనుకుని మైబ్రిట్ స్వయంగా మెట్లు దిగొచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది.

బల్లమీద ఏడు రకాల బిస్కెట్లు ఉన్నాయి. ఆ కాలపు ఇల్లాళ్ళకు అతిథి వస్తే ఏడు రకాలు పెట్టకపోతే పరువు తక్కువ. ప్రతి రకంలోనూ ఒకటి తినకపోతే అతిథికి పొగరని పేరు. కేసోన్‌కు ఆ లెక్క తెలియదు. కానీ పెట్టింది కాదనకూడదన్నది ఆమె నేర్చుకున్న మర్యాద. రెండు దేశాల మర్యాదలు ఆ బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాయి. అవి రెండూ కలిసి చేసిన పని పగవాళ్ళు కూడా చెయ్యరు.

మొదటి బిస్కెట్ తీసుకుంది. కాఫీతో మింగింది. కాఫీ అయిపోయిందని మైబ్రిట్ మళ్ళీ పోసింది.

"చూడు హెల్గే, ఎంత కులాసా మనిషో," అంది మైబ్రిట్. "మా కోడలు ఎప్పుడైనా ఇలా నవ్వుతూ కూర్చుందా?"

"ఇంకోటి తిననీ. వీళ్ళకి తిండి ఎక్కడుంటుంది, పొద్దస్తమానం అడవిలో," అన్నాడు హెల్గే. "నీ అపాయింట్‌మెంట్ రెండున్నరకి కదా. బోలెడు టైముంది."

నాలుగో బిస్కెట్ దగ్గర కేసోన్ ధైర్యం తెచ్చుకుంది. గోడ గడియారం వైపు వేలు చూపించింది. ఒకసారి చూపి, మళ్ళీ చూపింది. మైబ్రిట్ ముఖం వెలిగిపోయింది. కుర్చీ వేసుకుని ఎక్కి గడియారం దింపి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. రైల్వేలో రిటైరైనప్పుడు వాళ్ళాయనకిచ్చిన గడియారం అది, వెనక పేరు చెక్కి ఉంది. ఆ పేరుమీద వేలితో రాస్తూ ఆవిడ చాలాసేపు మాట్లాడింది, కళ్ళు కూడా తుడుచుకుంది. కేసోన్ గడియారాన్ని రెండు చేతులా పట్టుకుని, ముళ్ళు కదలడం చూస్తూ, తల ఊపుతూ కూర్చుంది. లేచి కారు దగ్గరకు పరిగెత్తాలని కాళ్ళు లాగుతున్నాయి. ఏడుస్తున్న ముసలిదాన్ని వదిలి ఎలా లేస్తుంది? "థాంక్స్," అంది. ఇంకేం మాట ఉంది ఆమె దగ్గర?

పన్నెండింటికి బయల్దేరారు. దారి పొడుగునా ఆమె పెదాలు కదుపుతూ నామం చెప్పుకుంటూనే ఉంది. ఇక్కడి నుంచే వినిపిస్తే బావుణ్ణు అనుకుంది. అద్దంలో చూసిన హెల్గే, పాట పాడుకుంటోందని మైబ్రిట్‌తో అన్నాడు.

ఆస్పత్రికి చేరేసరికి రెండుకి పది నిమిషాలు తక్కువ. పై అంతస్తులో ఆమె కోసం రత్రీ ఎదురుచూస్తోంది. రత్రీది వాళ్ళ పక్క జిల్లాయే. ఇక్కడతన్ని పెళ్ళాడి పదేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటోంది, ఆస్పత్రి వాళ్ళు మాట సాయానికి పిలిపించారు. ఆమె ముఖం చూడగానే కేసోన్ నడక ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"ఒంటిగంటా పదికి అక్కా. నువ్వు పదికల్లా బయల్దేరావన్నారు, ఒంటిగంటలోపు వచ్చేస్తావనుకున్నారట."

నర్సు చెప్పిందంతా రత్రీ చెప్పింది. పన్నెండింటికి కళ్ళు తెరిచాడట. ఏదో అడిగాడట, రెండు మూడుసార్లు. ఎవరికీ అర్థం కాలేదు. రత్రీకి కబురు ఆలస్యంగా అందింది, ఆమె వచ్చేసరికే ఆయన పోయాడు. నర్సే ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుని, చిన్నప్పుడు తనకు వాళ్ళమ్మ పాడిన జోలపాట పాడిందట. మంచి పిల్ల. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఖంపన్ చెవిలో చివరికి మిగిలింది ఏ దేశపు పాటో, ఎవరి పిల్లలకు పాడిన పాటో.

కేసోన్ గదిలోకి వెళ్ళి ఆయన చెవి దగ్గర నోరు పెట్టింది. చెవి చల్లగా ఉంది. చెప్పింది. చెబుతూనే తనకు తెలుసు, లోపల వినే మనిషి లేడని. అయినా చాలాసేపు చెప్పింది. అన్నం ముద్ద ఆయన చేతి పక్కన పెట్టింది.

బయటికి వచ్చేసరికి వరండాలో హెల్గే ఉన్నాడు. మైబ్రిట్‌ను కంటి డాక్టరు దగ్గర దింపి, ఈమెను తిరుగు ప్రయాణం సంగతి అడుగుదామని వచ్చాడట. నర్సు ఏదో చెప్పినట్టుంది. టోపీ తీసి రెండు చేతుల్లో నలుపుతున్నాడు. ముఖం ఎర్రగా కందిపోయింది. రత్రీ వైపు తిరిగి గబగబా మాట్లాడాడు.

"ఒక్క మాట చెప్పుంటే నేనెక్కడా ఆపేవాణ్ణే కాదు. దారంతా నవ్వుతూ కూర్చుందమ్మా ఈవిడ. బిస్కెట్లు తింది, గడియారం చూసింది. నాకెలా తెలుస్తుంది? నువ్వే చెప్పు, నాకెలా తెలుస్తుంది?"

రత్రీ అంతా అర్థం చెప్పి, "ఏం చెప్పమంటావక్కా?" అంది.

చెప్పడానికి కేసోన్ దగ్గర బోలెడంత ఉంది. ఇరవై నిమిషాలు చాలేవి, నువ్వు గంట కాఫీ తాగావు. నాతో తాగించావు. మా ఆయన దారి తెలియక ఎక్కడో తిరుగుతుంటాడు, మీరిద్దరూ నాకు గోడ గడియారం చూపించారు. అన్నీ నాలుక మీదికి వచ్చాయి, రత్రీ ఉంది కనక ఇప్పుడు భాష కూడా ఉంది. కళ్ళెత్తి చూస్తే ఎదురుగా నెరిసిన జుట్టు, నలిగిన టోపీ.

"పర్వాలేదని చెప్పు," అంది. "ఆయన తప్పేం లేదని చెప్పు."

రత్రీ ఆమె వైపు తిరిగింది. "నిజంగా అలాగే చెప్పనా? మన ఊరు కాదక్కా ఇది. ఇక్కడ ఏం చెబితే అదే అనుకుంటారు."

"అలాగే చెప్పు. పెద్దాయన, బాధపడుతున్నాడు."

రత్రీ చెప్పింది. ఆ మాటలు వింటుంటేనే హెల్గే బిగుసుకున్న భుజాలు సడలాయి. కేసోన్ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా నొక్కి, నాలుగింటికి కింద గుమ్మం దగ్గర ఉంటానని, తనే తీసుకెళ్ళి దింపుతానని చెప్పమన్నాడు. టోపీ పెట్టుకుని లిఫ్ట్ వైపు వెళ్ళాడు. వచ్చినప్పటి నడక కాదు అది. ఆయన నమ్మేశాడు.

తన మాట అంత తేలిగ్గా నమ్మినందుకు కేసోన్‌కు ఒళ్ళు మండింది. పెళ్ళైన ఇరవై మూడేళ్ళలో తను పర్వాలేదని అన్నప్పుడల్లా చేస్తున్న పని ఆపి, దగ్గరికొచ్చి, "ఏం జరిగింది, చెప్పు" అని అడిగినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ తలుపు అవతల దుప్పటి కింద పడుకుని ఉన్నాడు.