ఓడితే వచ్చే నక్క

"బుడంకాయ్! ఎక్కడున్నావే? ఒక్కసారి పలకవే తల్లీ!"

పిల్ల తల్లి గొంతు అప్పటికే బొంగురుపోయింది. వంటిల్లు, బాత్‌రూమ్, బాల్కనీ, బీరువా వెనకాల, అన్నీ వెతికారు. ఆరేళ్ళ పిల్ల ఇంట్లో లేదు. వీధి తలుపు ఓరగా తెరిచి ఉంది.

ఫోన్ మోగింది. వీధుల్లో తిరుగుతున్న భర్త.

"పార్కులో లేదు. షాపుల్లో ఎవరూ చూడలేదంట. పోలీసులకి చెప్పేస్తున్నా."

"చెప్పండి. త్వరగా చెప్పండి."

ఆఫీసు నుంచి ఆమెతోపాటు వచ్చిన తమ్ముడు అప్పుడే ముద్దాయిని తేల్చేశాడు.

"అత్తయ్యగారూ, తలుపు తీసి వదిలేసింది మీరే కదా?"

ఆమె అత్తగారు భగ్గుమంది. "చెత్త పారేసి రావడానికి ఎంతసేపు పడుతుందయ్యా? తిరిగొచ్చేసరికి పిల్ల లేదు. నిన్న నువ్వు తెచ్చిన ఆ దిక్కుమాలిన బొమ్మతో ఆడుకుంటూ ఇక్కడే కూర్చునుంది."

"బొమ్మకేం పాపం తెలుసండీ!"

బొమ్మ హాల్లో కార్పెట్ మీద పడి ఉంది. నక్క ఆకారం, చేతిలో ఇమిడేంత. దాని తోకలోంచి వైరు టీవీ దాకా పాకింది. టీవీ వెలుగుతూనే ఉంది కానీ తెర మీద చీకటి తప్ప ఏమీ లేదు.

ఆమె ఆ చీకటినే చూస్తూ నిలబడిపోయింది.

అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకే ఆఫీసు. ఆటబొమ్మలు షాపులకి వెళ్ళేముందు ఏ వయసు పిల్లలకి పనికొస్తాయో తేల్చడం వాళ్ళ పని. రంగు ఊడుతుందా, అంచులు గీసుకుంటాయా, బ్యాటరీ మూత పిల్లల చేతికి ఊడొస్తుందా అని ఆమె చూస్తుంది. ఆడి చూసేది తమ్ముడు. ఆఫీసులో అందరూ వాణ్ణి చాంపియన్ అంటారు. ఆటలో ఓడినవాడు గదిలో అందరికీ టీ ఇప్పించాలని అక్కడొక ఆనవాయితీ. వాడు చేరినప్పట్నుంచి ఇవాళ్టి దాకా ఒక్కసారి కూడా జేబులో చెయ్యి పెట్టలేదు.

ఈ నక్క ఆటని వాడు చివరిదాకా ఆడి, "ఆరేళ్ళు నిండితే చాలు, భేష్!" అన్నాడు. ఆ మాట మీదే ఆమె ముద్ర వేసింది. రేపు పొద్దున పెట్టెలు షాపులకి వెళ్తాయి.

"ఒరేయ్, ఈ ఆటలో ఓడిపోతే ఏమవుతుంది?"

"ఇప్పుడదెందుకక్కా?"

"అడిగినదానికి చెప్పు."

వాడు బుర్ర గోక్కున్నాడు. "ఏమో. నేనెప్పుడు ఓడాను గనక?"

"ఇప్పుడు ఓడి చూపించు."

వాడు బొమ్మ అందుకున్నాడు. తెర మీద పచ్చటి అడవి, గంతులేసే కుందేలు, వెనకే నక్క. నక్క మీదికి దూకినప్పుడల్లా వాడి బొటనవేలు దానంతటదే కదిలి కుందేలు తప్పించుకుంటోంది.

"ఓడిపోరా అంటుంటే!"

"చెయ్యి మాట వినట్లేదక్కా!"

ఆమె బొమ్మ లాక్కుని అత్తగారి చేతిలో పెట్టింది. "మీరాడండి అత్తయ్యా."

"పిల్ల కనబడక ఏడుస్తుంటే ఆటలేంటే? మతిపోయిందా నీకు?"

"మీ కాళ్ళు పట్టుకుంటా. ఏదో ఒకటి నొక్కండి."

పెద్దావిడ బొమ్మని తలకిందులుగా పట్టుకుని నొక్కింది. కుందేలు దొరికిపోయింది. మళ్ళీ దొరికింది. మూడోసారి దొరకగానే టీవీ నల్లబడింది. నక్క గొంతు మాత్రం టీవీలోంచి రాలేదు. ఆవిడ అరచేతిలోంచి వచ్చింది.

"ఓడిపోయావుగా! ఇక నేను టీవీలోంచి బయటికొస్తున్నా. దాక్కో. కదిలావో, పట్టేస్తా. ఎవరు పిలిచినా పలక్కు. మీ అమ్మ గొంతుతో పిలిచేది కూడా నేనే!"

పెద్దావిడ కెవ్వున అరిచి బొమ్మని చేతిలోంచి విసిరేసింది.

తమ్ముడు బొమ్మని అందుకున్నాడు. ఆమె భర్తకి ఫోన్ చేసింది. "వీధుల్లో వెతకొద్దు, వచ్చెయ్యండి. ఇంట్లోనే ఉంది. నేను పిలిచినకొద్దీ నా బిడ్డ ఇంకా ముడుచుకుపోయింది."

"అయితే మళ్ళీ వెతుకుదాం," అని పెద్దావిడ లేవబోయింది.

"ఎక్కడని? ఊపిరాడని చోట దూరి ఉంటే? అది నమ్మే గొంతు ఇప్పుడొక్కటే ఉంది. ఒరేయ్, గెలిస్తే ఆ నక్క ఏమంటుంది?"

"ఓడిపోయాను, అడవికి పోతున్నా, బయటికి రమ్మంటుంది. టీవీలోంచే అంటుంది."

"గెలువు."

ఆమె టీవీ సౌండ్ చివరికంటా పెంచింది. వాడు మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టాడు. ఎన్నడూ తప్పని వేళ్ళు ఇవాళ తప్పాయి. అడవి దాటాక కుందేలు దొరికిపోయింది. వాగు దగ్గర మళ్ళీ దొరికింది.

"ఇంకొక్కసారి దొరికితే ఆ మాటలే మళ్ళీ వింటుందిరా!"

"మాట్లాడించకక్కా!"

వాడి చెమట బొమ్మ మీద పడుతోంది. వేళ్ళు జారుతున్నాయి. నక్క దూకింది. కుందేలు దాని వీపు మీంచి ఎగిరి బొరియలో పడింది.

"అయ్యో, ఓడిపోయా!" టీవీ ఇల్లదిరేలా అరిచింది. "అడవికి పోతున్నా. ఇక బయటికి రా!"

ముగ్గురూ చెవులు రిక్కించారు.

టక్. పడగ్గదిలోంచి. చాలా సన్నగా. టక్.

"మంచం!" పెద్దావిడ గుండె మీద చెయ్యేసుకుంది. "పొద్దున దుప్పట్లు తీద్దామని మంచంలో పరుపు కిందుండే అర మూత ఎత్తి కర్ర పెట్టాను. ఆఫీసు నుంచి వచ్చాక నువ్వే మూశావనుకున్నా!"

"మీరు మూశారనుకున్నా నేను!"

ఎదిగిన మనిషికే బరువనిపించే మూత. పిల్ల ఎత్తలేదని ఎవరూ అటు చూడనే లేదు. కర్ర జారితే అదే మూసుకుంటుందని ఎవరికీ తట్టలేదు.

తమ్ముడు ఒక్క ఊపున మూత ఎత్తాడు. దుప్పట్ల మధ్య బుడంకాయ్. జుట్టంతా చెమటకి తడిసిపోయి, పెదాలు పాలిపోయి, ఎగశ్వాసతో ఉంది. తల్లి చేతులు చాపింది. పిల్ల వెనక్కి జరిగింది.

"నువ్వు అమ్మవేనా?"

ఆ మాటకి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయింది. చేతులు మాత్రం చాపే ఉంచింది. పిల్ల ఆ చేతుల్ని వాసన చూసింది. వేళ్ళకి ఆఫీసు ముద్ర సిరా వాసన రోజూ ఉండేదే. అప్పుడొచ్చి మెడకి చుట్టుకుంది.

పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత తల్లి భుజం మీంచి పిల్ల తలెత్తింది.

"నాయనమ్మా, నక్కని ఇంట్లోకి ఎవరు రానిచ్చారు? నువ్వు తలుపు తీసిపెట్టావా?"

పెద్దావిడ తల దించుకుంది. తల్లి తన తమ్ముడి వైపు చూసింది. వాడు పిల్ల ముందు నేల మీద కూర్చున్నాడు.

"నాయనమ్మ కాదురా. నేను. మీ మావయ్యే."