కొంగ కోసిన కొమ్మల నీడలు

రంపం మేస్త్రీ ఆసుపత్రి వెనక గేటు తోసుకుని లోపలికి వచ్చాడంటే సరిగ్గా ఆరు అయినట్టే. వాచ్‌మన్ తన గడియారాన్ని ఆయన్ని చూసి దిద్దుకునేవాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క నిమిషం ముందూ లేదు, వెనకా లేదు. వచ్చీ రాగానే పంపు గది తాళం తీసి, రంపం పళ్లు ఒక్కొక్కటే ఆకురాయితో పదును పెట్టి, మోకు మొత్తం వేళ్ల మధ్య నుంచి జారవిడిచి ఎక్కడైనా పీచు లేచిందేమో చూసుకుని, అప్పుడు టీ తాగేవాడు. పని తెలిసినవాడు ముందు పనిముట్టును చూస్తాడు, తెలియనివాడు టీ కోసం చూస్తాడు అనేవాడు. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగిలేలాగే అనేవాడు.

ఆ ఆవరణలో నాలుగు వందల పన్నెండు చెట్లు. ఎండు కొమ్మ రోగుల నెత్తిన పడకుండా, పచ్చి కొమ్మ కరెంటు తీగను తాకకుండా చూసుకోవడం మేస్త్రీ పని. ఆయన పైన కోస్తుంటే అల్లుడు కింద నిలబడి మోకుతో కొమ్మను మెల్లగా దింపేవాడు. కొమ్మ బండెక్కి పోయాక మేస్త్రీ దిగివచ్చి, నేల మీద మిగిలిన దాని నీడను ఎత్తేవాడు. కొమ్మ పోయినంత మాత్రాన నీడ పోదు కదా. తడిసిన దుప్పటంత బరువుంటుంది. అంచు పట్టి చాపలా చుట్టి, భుజాన వేసుకుపోయి పంపు గది వెనక గోడ వారన పరిస్తే రెండు వానలకు కరిగిపోతుంది, పడ్డచోటే వదిలేస్తే ఎన్ని వానలకూ కరగదు. ఎవరు కోసిన కొమ్మ నీడ వాళ్ల చేతికే లేస్తుంది. ఇంకొకరు పట్టుకుంటే గచ్చులో గచ్చులా ఉండిపోతుంది. అందుకే నీడ ఎత్తకుండా ఇంటికి పోయేవాణ్ణి ఆ పనిలో మనిషిగా లెక్కవేయరు.

ఒకరోజు తోటల ఆఫీసరు అట్టపెట్టె ఒకటి తెచ్చాడు. అందులో తలకు పెట్టుకునే కెమెరా, మణికట్టుకు కట్టుకునే నల్లపట్టీ ఉన్నాయి. ఆరు నెలలు ఇవి పెట్టుకుని కోయాలి, మీ పనితనం పదిమందికీ తెలియాలి కదా మేస్త్రీ గారూ అన్నాడు. అన్నేళ్లలో ఆ నోట 'గారూ' అన్న మాట రావడం అదే మొదలు. అక్కడే అనుమానం రావాల్సింది. మేస్త్రీకి రాలేదు, మీసం మీదికి చెయ్యి పోయింది.

అనుమానం వచ్చింది చీపుళ్ల అక్కకు. ఆమె ఆ ఆవరణ ఊడ్చే మనిషి, మేస్త్రీ కన్నా నాలుగేళ్లు పెద్దది. "తమ్ముడూ, ఈ ఆరు నెలలూ అడ్డదిడ్డంగా కోయి. ఇవి చూసి కోత నేర్చుకునే యంత్రం ఏదో రాబోతోంది. నీ దగ్గర అది చెడ్డపనే నేర్చుకుంటే నీ జోలికి రాదు" అంది.

మాట నిజమేనని మేస్త్రీకి తెలుసు. మర్నాడు చెట్టెక్కి, కొమ్మ మానులోంచి పుట్టే చోట మెడలాగా ఉబ్బి ఉంటుందే, దానికి జానెడు అవతల రంపం పెట్టాడు. అక్కడ కోస్తే మొద్దు మిగిలిపోతుంది. మొద్దు కుళ్లుతుంది, ఆ కుళ్లు మాను లోపలికి దిగుతుంది. అయిదేళ్లకో పదేళ్లకో ఎవడో చూసి, ఎవడు కోశాడ్రా దీన్ని అంటాడు. ఆ ఎవడో ఇంకా పుట్టాడో లేదో గానీ, వాడి ముందు మేస్త్రీ చెయ్యి సిగ్గుపడింది. రంపం దానంతటదే మెడ దగ్గరికి జరిగింది.

ఆ ఆరు నెలలు కోసినంత బాగా ఆయన ఎన్నడూ కోయలేదు. ముందు కింది నుంచి మూడో వంతు, తర్వాత కాస్త ఎడంగా పై నుంచి, బరువు పోయాక మెడ వారన ఆఖరి కోత. ఆ ఆఖరి పోటుకు ముందు, ఒకప్పుడు పడి విరగ్గొట్టుకున్న కుడి భుజం కోసం, ఒక్క ఊపిరి ఆగేవాడు. పైగా అర్థం కాదేమోనని కెమెరాకు గట్టిగా వివరించి చెప్పేవాడు కూడా. తన గోతికి తనే కొలతలు చెప్పుకున్న మొనగాడు ఇంకెవరైనా ఉంటారో లేదో.

యంత్రం వచ్చింది. యుద్ధ ట్యాంకులా ఇనప పట్టీ చక్రాల మీద నడుస్తుంది, పొడుగాటి మెడ, ముక్కు దగ్గర రంపం. పనివాళ్లు దానికి కొంగ అని పేరు పెట్టారు. దాంతోపాటు గడ్డి కోసే చిన్న యంత్రం ఒకటి వచ్చింది, తాబేలు. వీపు మీద పలక పెట్టుకుని ఎండ తిని బతుకుతుంది. మేస్త్రీని ఇంటికి పంపేశారు. పంపేటప్పుడు ఒక పూలగుత్తి ఇచ్చారు. ఆయన దాన్ని తిప్పి చూసి, కాడలు కూడా తప్పుగా కోశారని చెప్పి బల్ల మీదే పెట్టి వచ్చాడు.

అదంతా ఓర్చుకునేవాడేమో. కొంగను నడిపే పని అల్లుడికి ఇచ్చారు. సాయంత్రాలు డ్యూటీ అని చెప్పి వాడు ఆరు నెలలుగా వెళ్లింది ఆ యంత్రం పాఠాలకేనని అప్పుడు తెలిసింది. ఆసుపత్రి వాళ్లిచ్చిన రెండు గదుల ఇల్లు కూడా మేస్త్రీ పేరు కొట్టేసి అల్లుడి పేరు రాశారు. ఆ రోజు నుంచి మేస్త్రీ అల్లుడితో మాట్లాడటం మానేశాడు. అదే గదిలో, అదే బల్ల దగ్గర కూర్చుని, చెప్పులు దారిలో విడవొద్దని మీ ఆయనకు చెప్పు అని కూతురితో అనేవాడు. అల్లుడు వినేవాడు, లేచి చెప్పులు జరిపేవాడు.

ఒక్కసారి మాత్రం గేటు బయట నిలబడి కొంగ కోయడం చూశాడు మేస్త్రీ. కింది నుంచి మూడో వంతు. ఎడంగా పై నుంచి. మెడ దగ్గరికొచ్చి, ఆఖరి పోటుకు ముందు అది ఆగింది. ఒక్క ఊపిరి. దానికి భుజం లేదు, ఊపిరీ లేదు, అయినా ఆగింది. మేస్త్రీ ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొంగ రోజుకు ముప్పై కొమ్మలు కోసేది. నీడలు మాత్రం లేవలేదు. అల్లుడు పట్టి లాగితే లేవలేదు, కొంగ ముక్కుతో పొడిస్తే లేవలేదు, గునపాలతో పదిమంది పెకలించినా, వేడినీళ్లు పోసినా కదల్లేదు. రెండు నెలలకు ఆవరణంతా నీడ మీద నీడ పేరుకుపోయింది. చక్రాల కుర్చీలు వాటి అంచులకు తగిలి ఆగిపోయేవి. కింద గడ్డి తెల్లబడింది. తాబేలు అందులోకి పాకి, తినడానికి ఎండ దొరక్క, అలాగే సొమ్మసిల్లేది. నెలాఖరుకు నీడలు తీయకపోతే కొంగను కంపెనీకి తిప్పి పంపుతామనీ, నడిపేవాణ్ణి కూడా దాంతోపాటే పంపుతామనీ, పాత పద్ధతే మేలనీ ఆఫీసరు అన్నాడట.

కబురు మోసుకొచ్చింది చీపుళ్ల అక్కే. "రంపాలకు నూనె పూసుకో తమ్ముడూ" అంది నవ్వుతూ.

మేస్త్రీ పూసుకున్నాడు. గుమ్మంలో అందరికీ కనపడేలా కూర్చుని, నాలుగు రంపాలకూ పూశాడు. లోపల అల్లుడు కంచం ముందు కూర్చుని తినకుండా లేచి వెళ్లిపోయాడు. మేస్త్రీకి ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే దిగాయి.

నెలాఖరుకు ఇంకా రెండు రోజులుందనగా కూతురు వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"కొంగ ఆగి కోస్తోంది నాన్నా. ఆఖరి పోటుకు ముందు. నేను చూశాను."

"యంత్రమన్నాక ఆగుతుంది, సాగుతుంది."

"నీ భుజం విరిగినప్పుడు మూడు నెలలు నీకు ముద్దలు కలిపి పెట్టింది నేను. ఆ ఆగడం ఎక్కడిదో, ఆ కోత ఎవరిదో నాకు తెలియదా?"

మేస్త్రీ గుడ్డతో రంపం తుడుస్తూ కూర్చున్నాడు. ఆ నీడలు నేను ఎత్తానంటే ఇక ఈ జన్మలో చెట్టెక్కనివ్వరు, తెలిసే అడుగుతున్నావా అన్నాడు.

"నేనేమీ అడగట్లేదు. మీ అల్లుడికి ఇంకో పని రాదు, అంతే. పదేళ్లు ఆయన చేత మోకు పట్టించావు గానీ ఒక్కరోజు రంపం చేతికిచ్చావా?"

ఇవ్వలేదు. చేతికిస్తే పాడుచేస్తాడని ఇవ్వలేదు.  

మర్నాడు ఆరింటికి వెనక గేటు తోసుకుని వెళ్లాడు. ఆఫీసరు, అల్లుడు, వాచ్‌మన్ చూస్తుండగా ఏడో నంబరు చెట్టు కింద వంగి, నీడ అంచు పట్టుకున్నాడు. అది పెంపుడు కుక్క లేచినట్టు లేచింది. చుట్టి భుజాన వేసుకున్నాడు. ఇంకొకటి. ఇంకొకటి. అల్లుడు గబగబా దగ్గరకొచ్చి పట్టబోయాడు గానీ వాడి చేతికి నీడ లేవదు కదా, ఊరికే పక్కన నడిచాడు. ఎన్నున్నా ఇలాగే లేస్తాయా అని ఆఫీసరు అడిగాడు. ఆ గొంతులో గారూ లేదు. మేస్త్రీ తలూపాడు. ఆఫీసరు అక్కడే నిలబడి కంపెనీకి ఫోను చేశాడు.

అల్లుడి పని నిలబడింది, ఇల్లు నిలబడింది. కొంగలు మాత్రం ఆ ఒక్క ఆసుపత్రిలోనే లేవు. కంపెనీ వాటిని ఊరూరా అమ్మింది, అన్నీ ఒకే చేతి దగ్గర నేర్చుకున్నవి. అన్ని ఊళ్లలోనూ నీడలు పేరుకుని ఉన్నాయి. మేస్త్రీ కోసం ఒక వ్యాను పెట్టారు. వారం వారం ఏదో ఒక ఊళ్లో దింపేవారు. తను చూడని బడులు, తను నడవని పార్కులు, పేరైనా తెలియని చెట్లు. వంగి పట్టుకుంటే ప్రతి నీడా ఆయన్ని ఎరిగినట్టు లేచేది. ఎక్కడైనా ఒక్క కోతైనా తప్పుగా పడి ఉండకపోతుందా అని తలెత్తి చూసేవాడు. ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పు కనపడేది కాదు.

ఒక ఊళ్లో కాలేజీ మైదానం గోడ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. మేస్త్రీ ఈడువాడే. అరచేతుల్లో మోకు ఒరుసుకున్న కాయలు. మేస్త్రీ ఒక్కో నీడా చుట్టి వ్యానులో వేస్తుంటే పొద్దున్నుంచీ చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నానికి గోడ దిగి దగ్గరకొచ్చాడు.

"ఇరవై ఆరేళ్లు ఈ చెట్లు నేను కోశాను. ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను" అన్నాడు. తర్వాత మేస్త్రీ భుజం మీది నీడను చూస్తూ అడిగాడు. "ఈ కోతలు నీవేనా?"

యంత్రానివి అనొచ్చు. అన్నా ఎవరూ తప్పుపట్టరు. మేస్త్రీ నోరు తెరిచాడు, తన చెయ్యి చేసిన పనిని ఇంకొకరి పేరున చెప్పడానికి ఆ నోటికి మాట రాలేదు.

"నావే" అన్నాడు.

అవతలాయన తలెత్తి పైన కొమ్మ మెడ దగ్గరి కోతను చాలాసేపు చూశాడు. గుండ్రంగా, నున్నగా ఉంది. అంచుల్లో బెరడు అప్పుడే మూసుకుంటోంది.

"బాగా కోశావు" అని చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

అవతల ఇంకా నలభై నీడలున్నాయి. మేస్త్రీ వంగాడు.