పుష్పాబాయి వంటగది

"గాడ అన్నం గూడ ఉంటది గదా, పెరుగేసుకొని తిను," అన్నాడు మా ఆయన లక్ష్మణ్, షర్టు గుండీలు పెట్టుకుంటూ. నేను ముక్కుకు కొంగు అడ్డం కట్టుకుని ఆయన డబ్బాలోకి చపాతీలు కాలుస్తున్నాను. హెడ్మాస్టరుగా ప్రమోషన్ వచ్చింది నాకు. సూర్యాపేటలో ఇరవై రెండేళ్లు సుద్దముక్క పట్టుకుంటే వచ్చింది. విందేమో కోదాడ హోటల్లో, ఆయన స్నేహితులకు నచ్చిన నాన్‌లతో. నాకు పెరుగన్నం!

గోధుమ నాకు విషం. ఆరేళ్ల కిందట హైదరాబాద్ డాక్టరు సీలియాక్ అని రాసిచ్చి, రవ్వంత గోధుమ కూడా లోపలికి పోకూడదన్నాడు. అప్పటినుంచి ప్రతి పెళ్లికీ స్టీలు డబ్బాలో నా అన్నం నేనే మోసుకుపోతున్నాను. అయినా కడుపునొప్పి పూర్తిగా పోలేదు. "అన్నీ మనసుల పెట్టుకుంటది, గందుకే," అంటుంది మా అత్త సత్తమ్మ. నిజమేనేమో, నాకే పిచ్చేమో అనుకున్న రోజులు ఎన్నని చెప్పను!

ఈసారి పంతం పట్టాను. నా విందులో నేను వేడివేడిగా తినాలి. హోటళ్లకు నేనే ఫోన్లు చేశాను. సూర్యాపేటాయన, "మైదా పడదా మేడం? పరేషాన్ గాకుండ్రి, గోధుమ రొట్టెలే చేపిస్త," అన్నాడు. కోదాడాయన ఇంకా మర్యాదస్తుడు. "అన్నం ఉందిగా అండీ, సాంబారు పోసుకుని లాగించెయ్యండి," అన్నాడు. సాంబారులో ఏమేమి వేస్తారని అడిగితే నవ్వాడు. మా బడిలో నీలా టీచరు ఇదంతా విని, "మిర్యాలగూడల మా పిన్ని పుష్పాబాయి మెస్ నడుపుతది. ఫోన్ల గాదు మేడం, పోయి మాట్లాడుండ్రి," అంది.

ఆదివారం బస్సెక్కాను. రైస్ మిల్లుల దగ్గర ఆరు బల్లల మెస్ అది. పుష్పాబాయి నా మాట పూర్తిగా విని, "పడదంటే ఎంత పడదు బిడ్డా? చెయ్యి తగిలినా పడదా?" అని అడిగింది. అరె! ఆరేళ్లలో ఈ మాట అడిగిన మొదటి మనిషి ఈమే. "రవ్వంత కూడా వద్దమ్మా," అన్నాను.

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని తన వంటగదిని ఎవరిదో అన్నట్టు చూడసాగింది. "గీ పెనం మీద పొద్దుగాల చపాతీలు కాల్చిన. వద్దు. గీ నూనెల పూరీలు ఏగినయ్, గిదీ వద్దు. జొన్నలు గిర్నీల పట్టియ్య. నీకంటె ముందు ఎవలో గోధుమలు పట్టిస్తరు. ఇసుర్రాయి ఉన్నది, ఇంట్లనే ఇసురుత." ఇంత చదివిన నాకు గిర్నీలో ముందు పట్టిన పిండి కలుస్తుందన్న సంగతి ఏనాడూ తట్టలేదు.

చివరికి పోపు సామాన్ల దగ్గర ఆగింది. ఇంగువ డబ్బా తీసి, చిటికెడు అరచేతిలో నలిపింది. "గిది పిండి లెక్క ఉన్నది. నాకు సదువు రాదు, జర సదివి సెప్పు."

కళ్లద్దాలు పెట్టుకున్నాను. చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. గోధుమ పిండి అని ఉంది.

అమ్మో! బిస్కెట్ ప్యాకెట్లన్నీ తిప్పి తిప్పి చదివేదాన్ని, ఇదే డబ్బాను మా వంటింట్లో రోజూ తెరిచి కూడా ఒక్కసారి తిప్పి చూడలేదు. ఇంగువ లేకుంటే ఆయనకు పప్పు దిగదు. ఆరేళ్లు నా చేతులతో నేనే వేసుకుని తిన్నాను. నా మనసులో ఏ రోగమూ లేదు! ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అరచేతిలో ఇంగువతో ఉన్న ఆ మనిషి ముందు, బడికెళ్లిన మొదటిరోజు పిల్లలా నిలబడిపోయాను.

ఇంటికి రాగానే మా ఇంగువ డబ్బా చెత్తబుట్టలో వేశాను. చపాతీ పీట, కర్ర తీసి ఆయన చేతికిచ్చి, ఇక మీవి మీరే కాల్చుకోండి అన్నాను. విందు మిర్యాలగూడలో అనీ, జొన్నరొట్టె, నాటుకోడి అనీ చెప్పాను.

"నాన్ లేదా? మరి నేనేం తినాలె?" అన్నాడు, కర్ర పట్టుకునే.

అలమారలోంచి నా స్టీలు డబ్బా తీసి ఆయన ముందు పెట్టాను.

"గాడ అన్నం గూడ ఉంటది. పెరుగు దీంట్ల తెచ్చుకోండ్రి."