పలకల మీద దుమ్ము

చిన్నదాని సంచిలో రెండు చీరలు, సబ్బు, దువ్వెన సర్దాను. మూడో చీర పెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"మాట్లాడి సాయంత్రానికి వచ్చేస్తానమ్మా."

"సాయంత్రానికి వచ్చేదాన్ని బట్టలు తెచ్చుకోమన్నాడెందుకే కాంట్రాక్టరు?"

"నీకన్నీ అనుమానాలే."

ఈ అనుమానం నాకు పుట్టుకతో రాలేదు. ఎండతో కరెంటు తీసే పలకలు మా బీడులో పరిచినప్పుడు అందరికంటే సంతోషించింది నేనే. మా ఆయన బొగ్గు కరెంటు ఫ్యాక్టరీలో దగ్గి దగ్గి పోయాడు. పొగలేని కరెంటు మంచిదని పుస్తకాల్లో చదివి ఇంటింటికీ చెప్పాను. ఇప్పటికీ అదే చెబుతాను. కరెంటు శుభ్రమైనదే. దాన్ని అమ్ముకునేవాడి సంగతి వేరు.

పలకలు కడగడానికి కంపెనీ మేం నీళ్ళు తాగే బావికే మోటారు బిగించింది. కడిగేది మేమే, ఇరవై ముగ్గురు ఆడవాళ్ళం. ఈ వేసవికి బావి అడుగు కనబడింది. పొడి బ్రష్షులిస్తే నీళ్ళు లేకుండా తుడుస్తామన్నాం. ఇవ్వలేదు. పని ఆపేశాం. దుమ్ము పేరుకుని కరెంటు సగానికి పడిపోయింది. అప్పుడు చర్చలకు పిలిచారు, అదీ ఒక్కదాన్నే, మా అందరికీ ముందు నిలబడ్డ మా చిన్నదాన్ని.

అది వెళ్ళిన మూడో రోజు కాంట్రాక్టరు వచ్చాడు.

"మీ పిల్ల ఒప్పుకుంది. ఇక కడగండి."

"ఆ మాట అదొచ్చి చెప్పాలి," అంది మా కోడలు.

"గెస్ట్‌హౌస్‌లో ఉందమ్మా. రెండ్రోజుల్లో వస్తుంది."

"మా పిల్లకి అంత మర్యాదలా? మాకు చేతి తొడుగులైనా ఇవ్వనివాడివి," అంది కోడలు.

అతను ఒళ్ళు మండి, పని ఆపాక బావిలో ఊరిన కాసిని నీళ్ళకు మోటారు వేసి, తనే పైపు అందుకున్నాడు. మిట్టమధ్యాహ్నం. మేం తెల్లారకముందే కడిగేవాళ్ళం. కాలిన అద్దం మీద చన్నీళ్ళు పడితే చిట్లుతుందని అతనికి తెలియదు. మాకు తెలుసు, చెప్పలేదు. పదకొండు పలకలు వరసగా పగిలాయి.

"ఆగావేం అన్నా, పక్క వరస కూడా కానీ," అని నవ్వారు ఆడవాళ్ళు.

సాయంత్రం పోలీసులొచ్చారు. పలకల్ని మేమే రాళ్ళతో కొట్టామట.

"మీ నాయకురాలెవరు?"

"దాన్ని మిమ్మల్ని పంపిన కంపెనీవాళ్ళే తీసుకెళ్ళారు. ఎక్కడుంచారో చెప్పండి," అన్నాను.

అక్కడికే మమ్మల్నీ తీసుకెళ్ళమని, మిగిలిన ఇరవై ఇద్దరమూ పిలవకుండానే వ్యాను ఎక్కాం. మా వెనక మగవాళ్ళు మోటారు ఊడదీసి, బావి చుట్టూ కూర్చున్నారు.

పన్నెండు రోజులకు మమ్మల్ని వదిలారు. మోటారు మేం మళ్ళీ పెట్టనివ్వలేదు. ఆగస్టులో పొడి బ్రష్షులొచ్చాయి.

నా చిన్న కూతురు ఇప్పటికీ రాలేదు. ఏప్రిల్ తొమ్మిది, మంగళవారం, పొద్దున ఎనిమిదింటికి కంపెనీ జీపు ఎక్కింది.