ఎర్తు గుంతకు పోసిన నీళ్లు

సుక్కమ్మ ఆ పొద్దున కరెంటు పని చేసే బెంజమిన్‌ను పిలిపించింది ఇల్లు బాగు చేయించుకోవడానికి కాదు, కోడలి నోరు మూయించడానికి.

కోడలు స్వర్ణ రెండేళ్ల పాపను చంకనేసుకొని పుట్టింటికి పోయి నెల దాటింది. ఫ్రిజ్ ముట్టుకుంటే షాక్ కొడుతోందని ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా సుక్కమ్మ చెవిన పెట్టలేదు. ఎట్లా పెడుతుంది? ఇంటికి వైరింగ్ చేసింది సొంత తమ్ముడు విజేందర్. తల్లి పోయిన పసివాణ్ణి కాపురానికి వస్తూ వెంట తెచ్చుకొని, కన్నకొడుకు కంటే ముందు వాడికి ముద్ద పెట్టి పెంచింది. ఇప్పుడు మక్తల్‌లో నలుగురూ వాణ్ణి పెద్ద ఎలక్ట్రీషియన్ అంటుంటే ఆమె కాళ్లు నేల మీద ఆనవు.

"ఎండకాలం భూమి ఎండుతదక్కా. ఎర్తు గుంతల రోజు రెండు బిందెల నీళ్లు పోయి. షాక్ గీక్ ఏం రాదు" అన్నాడు వాడు. ఇంటి వెనక ఉప్పూ బొగ్గులూ వేసి పూడ్చిన గుంత అది. ఇంట్లో ఎక్కడ కరెంటు లీకైనా భూమిలోకి దించేయడం దాని పని. నల్లా రోజు విడిచి రోజు వచ్చే వాడలో, తాను చెంబెడు నీళ్లతో ఒళ్లు తడుపుకొని మరీ ఆ గుంతకు పోసింది మహాతల్లి. ఒకటి రెండుసార్లు తనకూ జివ్వుమంది. నీళ్లు తక్కువ పోశానేమోనని తననే తిట్టుకుంది. స్వర్ణను మాత్రం, "తడి చేతులు పెడితే కొట్టదా? నా తమ్ముని మీద పడి ఏడుస్తవెందుకే" అని దులిపేసింది. చివరికి ఒకరోజు పాప చెయ్యి ఫ్రిజ్‌కు తగిలి కెవ్వుమంది. స్వర్ణ ఇక ఆగలేదు. "వేరేటోళ్లు చూసి మంచిగున్నదనేదాక నా బిడ్డను ఈ ఇంట్ల అడుగు పెట్టనియ్య" అని మూట కట్టుకొని పోయింది.

మనవరాలు లేని ఇల్లు సుక్కమ్మకు తిండి సయించనివ్వలేదు. ఆ వేరేవాడేదో వచ్చి బాగుందంటే, తమ్ముడి మాట నిలుస్తుంది, పాపా ఇల్లు చేరుతుంది. అందుకే బెంజమిన్.

అతను తన వెంట తెచ్చిన కొలిచే మీటరు తీగను వంటింటి సాకెట్లో పెట్టాడు. "ఫ్రిజ్ డబ్బాకు కరెంటు తగిలిందనుకో పెద్దమ్మా, అది వాపస్ పోయే తొవ్వ సాఫ్‌గుండాలె. అప్పుడే ఫ్యూజు కొట్టేస్తది. తొవ్వ ఖరాబుంటే గీడ నంబరు పెద్దగొస్తది" అన్నాడు.

వంటింట్లో నంబరు పెద్దగా వచ్చింది. హాల్లోనూ, పడకగదిలోనూ అంతే.

"గుంత ఎండిందేమో" అన్నాడు బెంజమిన్.

"పొద్దుగాలనే పోసిన బిడ్డా" అంది సుక్కమ్మ, అయినా మరో బిందె కుమ్మరించింది. నంబరు కదల్లేదు. బెంజమిన్ వెనక్కి పోయి గుంత ఒక్కదాన్నే కొలిచాడు. "గుంత మస్తుగున్నది" అన్నాడు.

"చెప్పలేదా మరి, మా తమ్ముని పనంటే పనే" అంటూ ఆమె ముఖం చాటంత చేసుకుంది.

అతను సాకెట్లు విప్పాడు. ప్రతిదాంట్లో ఎర్తుకు పోయే పచ్చ తీగ బిగుతుగానే ఉంది. మెయిన్ ఆపి బోర్డు తెరిచి, కిందికి పోయే పచ్చ తీగను కొంచెం లాగాడు. జానెడు ఊడి చేతిలోకి వచ్చింది. కొసకు నున్నగా టేపు చుట్టి ఉంది. బయట గుంత నుంచి వచ్చిన తీగ కూడా గోడలో నాలుగు వేళ్ల లోతుకే ఆగిపోయింది.

"రెండూ కలపనే లేదు పెద్దమ్మా. ఇన్నొద్దులు నువ్వు పోసిన నీళ్లకు, నీ ఇంటికి సంబంధమే లేదు."

"పనోళ్లు మరిసిండ్రేమో" అంది సుక్కమ్మ.

"మరిసినోళ్లు టేపెందుకు చుడతరు? నడుమ తీగ పైసలు మిగిలించుకున్నరు" అన్నాడు బెంజమిన్. బోర్డు మూసి, తాను తీగ తెచ్చేదాకా మెయిన్ వేయొద్దని చెప్పి బజారుకు పోయాడు.

ఆమె తమ్ముడికి ఫోన్ చేసి రమ్మంది, ఎందుకో చెప్పలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆమెకు పట్టాలనే లేదు. వాడికి తెలియకుండా పనివాళ్లే చేసి ఉంటే చాలు, వాడు నా తమ్ముడే అనుకుంటూ కూర్చుంది.

విజేందర్ వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచాడు. "ఏందక్కా, గింత అర్జంటు?"

"ఏం లేదు. ఎండల పడి వచ్చినవ్, ఫ్రిజ్‌ల సీసా ఉన్నది, తీసుకొని తాగుపో."

వాడు వంటింట్లోకి పోయాడు. ఆమె వెనకే పోయింది. ఫ్రిజ్ పిడి మీదికి పోయిన చెయ్యి మధ్యలో ఆగింది. వాడు తన ఉత్త కాళ్ల వైపు చూసుకొని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"జర నువ్వే తీసియ్యక్కా" అన్నాడు.

సుక్కమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఉత్త కాళ్లతోనే ముందుకు పోయి ఫ్రిజ్ తెరిచి సీసా తీసి వాడి చేతికిచ్చింది.

"మెయిన్ బందున్నది. పైన ఫ్యాన్ చూడు" అంది.

వాడు తలెత్తి చూశాడు. ఫ్యాన్ తిరగడం లేదు.

"పసిపోరి ముట్టింది, స్వర్ణ ముట్టింది, ఇగ గిప్పుడు నన్ను ముట్టమన్నవ్. నాకు కొట్టినా ఏం కాదనుకున్నవా తమ్మీ?"

విజేందర్ సీసా పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. తాగలేదు.