విరించి యేరిన ప్రాసెసరు

రోహిణీకార్తె ప్రవేశించి యైదు దినములు గడచియుండెను. ప్రచండమార్తాండకిరణపరంపరలచే సికింద్రాబాదు వీథులందలి తారు కరగి పాదరక్షల కంటుకొనుచుండగా చెఱకురసపు బండ్లవారు సైతము బేరములు మాని నీడపట్టుల నాశ్రయించిన యా మధ్యాహ్నవేళ వేదాద్రి యను ముప్పదియాఱేండ్ల పాలిటెక్నికు అధ్యాపకుడు చొక్కాజేబులోని చిన్న డబ్బీని అరచేత నదిమిపట్టుకొని కంప్యూటర్ల బజారు మెట్లెక్కుచుండెను. ఎండదెబ్బకు తాను కూలినను ఆ డబ్బీ మాత్రము క్రింద పడరాదని యాతని తలంపు.

అందున్నది యొక ప్రాసెసరు. కంప్యూటరునకు మెదడువంటి యీ బిళ్ళను నిర్మాతలు విధించిన వేగమును మించి పరుగెత్తించు విద్యను ఓవర్‌క్లాకింగు అందురు. ఒక్క అచ్చున బుట్టిన బిళ్ళలైనను అన్నియు నొకతీరున బరుగెత్తవు. స్వల్పవిద్యుత్తుతో మహావేగము నందుకొనునవి మిక్కిలి యరుదు. అట్టిదానికై వేదాద్రి ప్రాణమిత్రుడైన విరించి మూడేండ్లు వెదకెను. కొని పరీక్షించి నచ్చక మరల నమ్మివేయుచు ఏబదిమూడింటిని కాదని ఏబదినాల్గవదానిని చేపట్టి దానిని బిగించుటకు దగిన మదర్‌బోర్డు నెన్నుకొనులోపలనే గడచిన వానకాలమున విషజ్వరముచే మృతినొందెను. ఆతని భార్య హైమకు ఈ పిచ్చి యేనాడును బోధపడలేదు. అయినను పెనిమిటి ప్రాణప్రదముగా దాచుకొనిన యా బిళ్ళను ఏలూరునుండి తానే తెచ్చి వేదాద్రి చేతబెట్టి యొక్కటే కోరెను.

"మీ పోటీల్లో ఏదో లిస్టు రాస్తారంట గదా అన్నయ్యా. ఒక్కసారి ఆయన పేరు దాంట్లో ఎక్కించండి. నా కళ్లతో చూసి ఊరెళ్తాను."

పోటీ మరునాడే. ఆ పోటీయందు నిలిచిన యంత్రమును నడపినవాని పేరును దాని ప్రాసెసరు నేరినవాని పేరును పట్టికయందు పక్కపక్క గడులలో వ్రాయుట యాచారము. కావున బోర్డును సరిగా నెన్నుకొనుట యొక్కటే వేదాద్రికి మిగిలిన పని.

ఇరువదియేండ్లుగా ఆ బజారున దుకాణము నడుపుచున్న జలాలుద్దీను రెండు బోర్డులను బల్లపై బెట్టెను. మొదటిది చిన్నది, నల్లనిది, వట్టి మొద్దు మొగముది. ర్యామ్ అను జ్ఞాపకశక్తి పలకలకు రెండే గాడులు. రెండవది వెండికవచములతో బహువర్ణదీపమాలికాలంకృతమై పెండ్లిపందిరివలె ధగధగలాడుచుండెను.

"సార్, నా మాట ఇనుండ్రి, చిన్నది తీస్కోండ్రి. మీరెంత కరెంటు రాస్తే అంతే ఇస్తది. ఆ పెద్దదానికి సొంత తెలివి ఎక్కువ. కరెంటు గడి ఖాళీ ఇడిస్తే అదే నింపుకుంటది, స్పీడు కోసమని దంచి కొడ్తది."

"నాకు తెల్వదా భాయ్? పదేండ్ల సంది చేస్తున్న."

నిజముగనే యాతనికి దెలియును. గాడులు తక్కువైనకొలది తీగలదారి కురుచయై వేగము నిలకడగా నుండుననియు విరించి బ్రతికియున్నచో ఆ నల్లనిదానినే చంకబెట్టుకొని పోయెడివాడనియు దెలియును. అయినను పోటీకి వచ్చువారందఱు పెద్దబోర్డులే తెత్తురు. ఆ కుఱ్ఱకారు నడుమ ఈ మొద్దును బల్లపై బెట్టి నిలుచుట యెట్లు? మిత్రుని పేరు చవుకబాఱునని తనకు తాను జెప్పుకొనెను గాని యది వట్టిమాట. చవుకబాఱునని యాతడు భయపడినది తన మొగము. పెద్దబోర్డును గొనెను.

మరునాడు ఇంజనీరింగు కళాశాల సభాభవనమున పోటీ యారంభమయ్యెను. యంత్రములను చల్లబఱచుటకై చేపల బజారునుండి తెచ్చిన మంచుగడ్డలను తొట్లలో నింపి ఆ నీటిని గొట్టములగుండ పాఱించుచుండిరి గాన ఆ మహావిజ్ఞానశాల యంతయు బొమ్మిడాల కంపు గొట్టుచుండెను. హైమ ముందువరుసన కొంగు ముక్కున కడ్డుపెట్టుకొని కూర్చుండెను. ఉదయమున వేదాద్రి వోల్టేజిగడిలో విరించి కుదిర్చిన యంకెను స్వహస్తముతో వ్రాసి పరీక్షింపగా బిళ్ళ యలవోకగా బరుగెత్తెను.

ఆతని వంతునకు అరగంట ముందు పక్కబల్లవాడు ఆ బోర్డునకు క్రొత్త బయాస్ వచ్చినదనియు దానిచే వేగము మఱికొంత పెరుగుననియు జెప్పెను. బోర్డును నడిపించు మూలప్రోగ్రామే బయాస్. వేదాద్రి దానిని వెంటనే యెక్కించెను. బయాస్ మార్చినచో ముందు వ్రాసిన యంకెలన్నియు చెరిగి గడులు బోర్డు ఇష్టమునకు వదలబడునని యాతడే యేటేట విద్యార్థులకు బోధించును. కాని యింతలో పేరు పిలిచిరి. వేగపు గడి నింపెను. వోల్టేజిగడిని పొద్దున నింపిన జ్ఞాపకము వ్రేళ్ళయందింకను ఉండుటచే దానివంక చూడనైన జూడలేదు.

తెరపై నంకె వెలసెను. ఆ భవనమున నంతవఱకు నెవ్వరును చూడనంతటి యంకె. పట్టిక కెక్కవలెనన్న నది యొక నిమిషము నిలువవలెను. హైమ లేచి నిలిచి "అదేనా?" అని పక్కనున్నవారి నడిగెను. నలుబదియవ క్షణమున తెర నల్లనయ్యెను. ఎన్ని మారులు మీట నొక్కినను ఆ బిళ్ళ మరల పలుకలేదు. వేఱొక ప్రాసెసరు నమర్పగా బోర్డు మాత్రము చెక్కుచెదరక దీపములు మిణుకుమిణుకుమనిపించుచు లేచి కూర్చుండెను. తాను నింపని వోల్టేజిగడిని చూడగానే వేదాద్రికి సర్వమును బోధపడెను. బోర్డు తన తెలివికొలది విద్యుత్తు గుమ్మరించి విరించి మూడేండ్ల వెదుకులాటను నలుబది క్షణములలో మాడ్చివేసినది.

వసారాలో హైమ యెదురయ్యెను.

"ఏమైందన్నయ్యా?"

నాతప్పు అను మూడక్షరాల మాట నాలుకచివఱ నున్నది. చుట్టును ఆతని విద్యార్థులున్నారు.

"ఆ బిళ్ళలోనే బలం లేదమ్మా. అంత వేగం తట్టుకోలేకపోయింది."

ఆమె మెల్లగా ననెను.

"యాభైమూడు కాదని దీన్ని పట్టుకున్నాడు. జ్వరంలో కూడా దీని గురించే చెప్పాడు. అయితే ఆయనకి ఏరడం చేతకాలేదన్నమాట."

"ఒక్కోసారి అలా జరుగుతుందమ్మా."

"మా ఇంట్లో అందరూ పనికిమాలిన పని అనేవాళ్లు. నేనొక్కదాన్నే కాదని పోట్లాడేదాన్ని." ఆమె యేడువలేదు. "బస్సుకు టైమైంది, వస్తానన్నయ్యా."

వేదాద్రి గేటువఱకు వెంట నడచెను. చెప్పుటకు నూఱడుగుల దారియు రోడ్డుదాటుటకై యామె నిలిచిన రెండు నిమిషములును దొరకెను. ఆతడు బస్సు నెంబరు మాత్రము చెప్పెను. చచ్చినవానిపై మోపిన తప్పునకు మారుపలుకువారుండరు గనుకనే బ్రతికినవారికి ఆ త్రోవ యంత సులువుగా గనబడును.

రెండవ విడతకు పేరు పిలుచుచుండిరి. ఆతడు లోనికి బోయి యరువు దెచ్చిన ప్రాసెసరును బిగించి వోల్టేజిగడిని తన చేతితో నింపి మూడుమారులు సరిచూచుకొనెను. యంత్రము నిమిషము దాటి నిలిచెను. పట్టికయందు నడపినవాని గడిలో వేదాద్రి పేరు వ్రాసి ఏరినవా రెవరని నిర్వాహకు డడిగెను. ఎవరును లేరని యాతడు చెప్పగా ఆ రెండవ గడిలో నొక యడ్డగీత గీసిరి.